పదకొండు నెలల అగ్రిమెంటు గారికి, చెమ్మ గోడ పక్క నుంచి

అగ్రిమెంటు గారూ, నమస్కారం.

వంద రూపాయల స్టాంపు పేపరు మీద, జిరాక్స్ షాపులో పాత కాగితానికి పేరూ తేదీ మారిస్తే పుట్టేస్తారు, మీకింత శక్తి ఎక్కడిదా అని చాలా రోజులు ఆలోచించాను. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే మిమ్మల్ని ఒక నెల ముందే కనేస్తారట. నెలలు నిండని బిడ్డలు బలహీనంగా ఉంటారంటారు, మీరేమో ఇలా.

యూసుఫ్‌గూడలో మా పోర్షన్ సంగతి మీకు తెలియంది కాదు. "ఇల్లు మంచి స్థితిలో అప్పగించబడినది" అని మీలోనే ఉంది. నిజమే, మేం దిగింది మే నెలలో, ఏ గోడైనా మంచి స్థితిలోనే ఉంటుంది. వానలు మొదలయ్యాక బెడ్‌రూమ్ మూలకి చెమ్మ దిగింది, దసరాకి అక్కడ నల్లగా బూజు పట్టింది, దీపావళికి మా చిన్నదానికి పిల్లికూతలు. ఇంట్లో పిల్లిని పెట్టామని కంగారు పడకండి, పెంపుడు జంతువులు నిషేధమని మీ తొమ్మిదో పాయింటు బాగా గుర్తుంది, ఇవి ఛాతీలోంచి వచ్చేవి.

డాక్టరు గారు అడిగిన మొదటి మాటే "ఇంట్లో చెమ్మ ఉందా?" అని. ఉందన్నాను. ఇన్‌హేలర్ రాశారు, రాత్రి పూట ఎక్కువైతే నెబ్యులైజర్ పెట్టమన్నారు. గోడకి మందు ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తారు? చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, దగ్గు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఒక పుస్తకమంత రాసింది. మీలో మాత్రం గోడకి మేకు కొడితే ఫైన్ అని ఉంది.

మరి ఓనర్ గారికి చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పాను, ఒక్కసారి. ఆయన గోడ వైపు చూడలేదు, క్యాలెండర్ వైపు చూశారు. "ఇబ్బందిగా ఉంటే చూసుకోండమ్మా, ఎలాగూ మార్చితో అయిపోతుంది కదా" అన్నారు, ఎంతో ఆప్యాయంగా. ఆ సాయంత్రమే బీరువాని ఆ మూలకి జరిపేశాం. (దాని వెనక ఇప్పుడేం పెరుగుతోందో చూసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.) ఖాళీ చేయడమంటే మళ్లీ రెండు నెలల అడ్వాన్సు, ట్రాలీ ఆటో, ఇక్కడి అడ్వాన్సులో పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోత, పిల్లదాని స్కూలు ఎంత దూరమవుతుందో అదొక టెన్షన్. ఈ లెక్కలతోనే మా ఆయనకి బీపీ వచ్చిందని నేను నిరూపించలేను గానీ, ఏ ఇంట్లో ఉన్నా రెన్యువల్ నెలలోనే ఆ మిషన్ 150 చూపిస్తుంది.

గోడలకి సున్నం వేయించే పని ఓనర్లదేనని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఉంది. నమూనా కదా, షాపులో బొమ్మకి కట్టిన చీరలాంటిది, అడిగితే "అది డిస్‌ప్లేకి మేడం" అంటారు.

మా పైన డాబా మీద రేకుల గది ఉంది. టు-లెట్ బోర్డు మీద దాని పేరు పెంట్‌హౌస్. ముగ్గురబ్బాయిలు, ఒక్క కిటికీ, అది తెరిస్తే పక్కింటి గోడ. వాళ్లలో ఒకడికి టీబీ అని తేలింది. మందులు ఉచితం, తిండికని ప్రభుత్వం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. రెండో కిటికీకి మాత్రం పథకం లేదు. కోర్సేమో ఆరు నెలలు, అప్పటికి అతని అగ్రిమెంటుకి మిగిలింది మూడు. తెలిస్తే గది పోతుందని బిళ్లలు బియ్యం డబ్బాలో దాస్తాడు, దగ్గొస్తే టీవీ సౌండ్ పెంచుతాడు. రాత్రి రెండింటికి వార్తలు వినిపిస్తే మాకు అర్థమైపోతుంది.

మేమూ తక్కువ తినలేదు లెండి. "రాత్రుళ్లు ఆ మిషన్ ఏంటమ్మా, కరెంటు ఎంత కాలుతుందో" అని ఓనర్ గారు అడిగితే మిక్సీ అన్నాను. పదకొండున్నరకి మిక్సీ ఏంటన్నారు. ఇడ్లీలోకి చట్నీ అన్నాను.

ఈ 31తో మీ ఆయుష్షు తీరిపోతుంది. దినగండం నూరేళ్లాయుష్షని మా అమ్మమ్మ అనేది, మాకు గండం కూడా మీ లెక్క ప్రకారమే. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, పది శాతం ఎక్కువ అద్దెతో మీ తమ్ముణ్ణి పట్టుకొస్తున్నట్టున్నారు. నెబ్యులైజర్ మంచం కిందికి తోసెయ్యాలి, ఉంటాను.

ఇట్లు,
మీలోని రెండో పార్టీ