బాధితుడు ముందుకు రాకపోయినా కేసు పడాలి

బెల్జియంలో గ్యారేజీ తలుపులు అమ్మి బిగించే ఫెరిన్ అనే కంపెనీ డైరెక్టర్, వలస వచ్చినవాళ్ళను పనిలో పెట్టుకోనని, వాళ్ళను ఇంట్లోకి రానివ్వడానికి కస్టమర్లు ఇష్టపడరని బాహాటంగానే చెప్పేశాడు. నాకు అన్యాయం జరిగిందంటూ ఫిర్యాదు చేసిన మనిషి మాత్రం లేడు. అయినా కేసు పడింది. వివక్షకు గురైనవాళ్ళకు అండగా ఉండాల్సిన అక్కడి అధికారిక సమానత్వ సంస్థ తన పేరు మీదే కోర్టుకెళ్ళింది, కింద కోర్టులో ఓడిపోయినా వదల్లేదు. చివరికి 2008లో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ (ఈయూ) న్యాయస్థానం, అలాంటి మాట విన్నవాళ్ళు అసలు దరఖాస్తే పెట్టరు కాబట్టి ఆ మాట అనడమే వివక్ష అని తేల్చింది.

యూరప్‌కు వలస వచ్చిన మన తెలుగువాళ్ళలో చాలామంది చేసేదీ అదే కదా, అడక్కుండా ఊరుకోవడం. వీసా రెన్యూవల్ దగ్గర పడుతుంటే మేనేజర్ మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది? ఉద్యోగం పోతే వీసా కూడా పోతుందేమోనన్న టెన్షన్‌తో నోరు మూసుకుంటాం. అందుకే సూటిగా చెబుతున్నా, బాధితుడు వచ్చి తలుపు తడితే తప్ప కదల్లేని సంస్థ వలసవాళ్ళకు పెద్దగా అక్కరకు రాదు.

2000లో వచ్చిన జాతి సమానత్వ డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఈయూ ఆదేశం) ప్రకారం ఈయూలో ప్రతి దేశంలోనూ ఇలాంటి సంస్థ ఉండి తీరాలి, కానీ దానికి ఎంత బలం ఇవ్వాలన్నది దేశాలకే వదిలేశారు. జర్మనీలోని సంస్థ సలహా ఇస్తుంది, రాజీకి ప్రయత్నిస్తుంది, తనంతట తాను కేసు మాత్రం వేయలేదు. పైగా అక్కడ మామూలుగా రెండు నెలల్లోపు మీ క్లెయిము అవతలివాళ్ళ ముందు పెట్టకపోతే హక్కు పోయినట్టే. ఇది మనవాళ్ళలో ఎందరికి తెలుసు?

ఇక ఈయూ ప్రాథమిక హక్కుల చార్టర్, అంటే హక్కుల పత్రం. 2009 నుంచి దానికి చట్టబలం ఉంది, కాకపోతే సభ్యదేశాల విషయంలో అది ఈయూ చట్టాన్ని అమలు చేసే సందర్భాల్లోనే పనిచేస్తుంది. కాబట్టి ఫిర్యాదు తీసుకునే అధికారి మొదట అది ఏ డైరెక్టివ్ కిందికి వస్తుందో పట్టుకోవాలి, తర్వాత దాన్ని చార్టర్ వెలుగులో చదవాలి. ఇదేదో లాయర్ల గొడవ అనుకోకండి. బల్గేరియాలోని దుప్నిత్సా పట్టణంలో రోమా అనే మైనారిటీ జాతి ప్రజలుండే పేటలో, కరెంటు దొంగతనం జరుగుతుందంటూ, మీటర్లను ఆరేడు మీటర్ల ఎత్తున స్తంభాలకు బిగించారు, మిగతాచోట్ల అవి 1.70 మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. సొంత మీటరులో రీడింగ్ చూసుకోవడానికి లేదు, పేట మొత్తం దొంగలన్న ముద్ర ఒకటి. అక్కడ కొట్టు నడిపే ఒకావిడ రోమా కాదు, అయినా అక్కడి వివక్ష వ్యతిరేక కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2015లో లక్సెంబర్గ్ కోర్టు, వివక్షను నిషేధించే చార్టర్ 21వ అధికరణాన్ని గుర్తుచేస్తూ, డైరెక్టివ్‌ను కుదించి చదవకూడదని, ఆ పద్ధతి వల్ల నష్టపోతే ఆవిడకూ రక్షణ ఉంటుందని చెప్పింది.

అన్నిసార్లూ ఇలా జరగదు. డెన్మార్క్‌లో కారు లోన్ విషయంలో, బోస్నియాలో పుట్టిన ఒక డానిష్ పౌరుణ్ణి అదనపు గుర్తింపు పత్రాలు అడిగారు. అక్కడి సమానత్వ బోర్డు అతని పక్షాన నిలిచింది, కానీ 2017లో అదే లక్సెంబర్గ్ కోర్టు, ఎక్కడ పుట్టారన్న ఒక్కదాన్ని బట్టే జాతిమూలం తేలదని అంది. నాకు ఇది తప్పనే అనిపిస్తుంది. పైగా 2000 నాటి ఆ డైరెక్టివ్ పౌరసత్వాన్ని బట్టి చూపే తేడాను పూర్తిగా తన పరిధిలోంచి తీసేసింది, అంటే ‘మీ పాస్‌పోర్ట్ వల్ల’ అని అవతలివాళ్ళు తప్పుకునే దారి ఒకటి మిగిలిపోయింది. అందుకే ఇల్లు ఇవ్వననో, ఉద్యోగం ఇవ్వననో చెప్పినప్పుడు వాళ్ళన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, తేదీతో సహా రాసి పెట్టుకోండి, మెసేజ్‌లు డిలీట్ చేయకండి. వివక్ష జరిగిందనుకోవడానికి తగిన ఆధారాలు మీరు చూపిస్తే చాలు, జరగలేదని నిరూపించుకోవాల్సింది అవతలివాళ్ళే.

2024లో ఈ సంస్థల కోసమే రెండు కొత్త డైరెక్టివ్‌లు వచ్చాయి, వాటిని దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి గడువు 2026 జూన్ 19. బాధితుల తరఫున కేసు వేయడం, వాళ్ళ కేసులో తోడు నిలబడడం, ప్రజాప్రయోజనం కోసం తన పేరు మీదే కోర్టుకెళ్ళడం, ఈ మూడింటిలో ఒక్కటైనా సంస్థకు ఇవ్వాలన్నారు. ఒక్కటి ఇస్తే సరిపోతుందట! మూడోది లేకపోతే ఫెరిన్ లాంటి కేసు మళ్ళీ ఎవరు వేస్తారు? మన సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి స్థానిక ఎంపీలను పిలిచి శాలువాలు కప్పుతుంటాయి కదా, ఆ మూడింటిలో మీరు ఈ దేశపు సమానత్వ సంస్థకు ఏది ఇచ్చారని ఈసారి వేదిక మీదే వాళ్ళను అడగాలి.