పావు స్టార్ గారికి, హన్మకొండ నుంచి

మహారాజశ్రీ పావు స్టార్ గారికి,

నమస్తే. సినిమా సమీక్ష చివర రేటింగ్‌లో మీ అన్నలు నిండుగా వెలుగుతుంటే, పక్కన సన్నగా ఇరుక్కుని నిలబడేది మీరే కదా. మీ భాష మాకు వచ్చేసింది. 2.75 అంటే సినిమా పోయింది గానీ చెప్పడానికి మొహమాటం. 3.25 అంటే సినిమా పోయింది, తప్పు మాది: ప్రేక్షకులకి అభిరుచి లేదని.

అమెరికా ప్రీమియర్ల పుణ్యమా అని, మేం మార్నింగ్ షోకి చౌరస్తా దాటకముందే మీరు ఫోన్లో ప్రత్యక్షం. 'నిదానంగా సాగినా ఓపిక ఉన్న ప్రేక్షకుడికి విందు' అని రాసి ఉంటుంది. సోమవారానికి హాలు ఖాళీ. అప్పుడు రెండో వ్యాసం దిగుతుంది: ఇలాంటి సినిమాలు ఆడకపోతే ఇక మంచి సినిమాలెవరు తీస్తారు? ఓటీటీలోకి రాగానే మూడోది: మేం అప్పుడే చెప్పాం.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకుని, సాయంత్రం ఆటకొచ్చిన పెద్దమనిషిని బయట ఎవరో అడిగారు, ఎట్లుందని. 'గట్లనే ఉంది' అని బండి స్టార్ట్ చేశాడు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. తిడితే ట్రోలింగ్ అని కొట్టిపారేసే మీరు, ఈయన్ని ఏం చేయాలో తెలియక, రీల్స్ చూసి చూసి ఓపిక చచ్చిందని తేల్చారు.

ఓపికా? ఒగ్గు కళాకారులు మల్లన్న కథ ఎత్తుకుంటే తెల్లారేదాకా పట్టా మీద కూర్చునే ఊళ్లివి. 2023లో 'బలగం' వచ్చింది. చావింటి కథ, పెద్ద హీరో లేడు, ఫైటు లేదు. ఊళ్లల్లో తెర కట్టి మరీ చూశారు, చివర్లో మన దుగ్గొండి మొగిలయ్య పాటకి ముసలీ ముతకా వెక్కి వెక్కి ఏడ్చారు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరికీ క్లాసు పీకాల్సిన అవసరం రాలేదు.

మీకో బ్రహ్మాస్త్రం ఉందని తెలుసు: 'ఖలేజా'. 2010లో ఆడలేదు, 2025లో మళ్లీ వేస్తే హౌస్‌ఫుల్. నిజమే. కానీ మధ్యలో దాన్ని బతికించిందెవరండీ? టీవీలో వచ్చిన ప్రతిసారీ అన్నం కంచం పట్టుకుని చూసిన జనమే. అంటే మాకు బుద్ధి లేదనడానికి మీరు తెచ్చిన సాక్షి మా వైపే మాట్లాడుతున్నాడు.

ఎవరికీ నచ్చని సినిమా తనకు నచ్చిందని ఒంటరిగా నిలబడి రాసే సమీక్షకుడంటే నాకు గౌరవమే. ఆయన తన ఇష్టం గురించి రాస్తాడు, నా తెలివి జోలికి రాడు. అలాంటాయన్ని నమ్మి రెండు మూడు మంచి సినిమాలు చూశాను కూడా. ఆయనకి మీతో పెద్దగా పనిపడదు.

ఇక లెక్కకొద్దాం. మల్టీప్లెక్స్ టికెట్ 250, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 295. అయిదు స్టార్లకి పంచితే మీ వాటా 14 రూపాయల 75 పైసలు. 'సెకండాఫ్ కాస్త సాగినా దర్శకుడి ధైర్యానికి' అని మీరు కలిపిన సొమ్మది. ఆ ధైర్యం ఖర్చు నేనెందుకు పెట్టుకోవాలి? నలుగురం వెళ్తే 59 రూపాయలు. పాప్‌కార్న్ సంగతి ఎత్తను, అక్కడ ధైర్యం మాదే.

2024 మేలో జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసేశారు, గుర్తుందా? ఆ కుర్చీలకి కూడా ప్రపంచ సినిమా మీద అవగాహన లేదంటారేమో.

ఒక్కసారి సోమవారం సెకండ్ షోకి రండి. టికెట్ నేనే తీస్తాను. మూడుంపావు సినిమాయే చూద్దాం, మీకిష్టమైన సీట్లో కూర్చోండి, అడ్డు చెప్పేవాళ్లెవరూ ఉండరు. ఇంటర్వెల్‌లో లేచి వెళ్లిపోదామని మాత్రం నన్ను బతిమాలొద్దు.

ఇట్లు,
అభిరుచి లేని ప్రేక్షకుడు,
హన్మకొండ