కందిపప్పు కొరత కిరాణా కొట్టులో పుట్టదు

2024 వానాకాలం మొదట్లో కందిపప్పు కిలో నూట ఎనభై పలికింది. పేపర్లు, టీవీలు, వాట్సాప్ గ్రూపులు అన్నీ ఒకటే గోల. సరిగ్గా ఆరు నెలలు తిరిగేసరికి అవే కందులు మార్కెట్ యార్డులో మద్దతు ధర కంటే తక్కువకు పోయాయి. ఎక్కడా చప్పుడు లేదు. నా కోపమంతా ఆ మౌనం మీదే. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేని వార్తలని మనం అనుకుంటున్నంత కాలం మన వంటింటి పప్పు డబ్బా ఎవరో ఒకరి దయ మీద ఉంటుంది. కొట్లో పప్పు కరువైన ఏడాది ఏం జరిగిందని అందరూ వెతుకుతారు. వెతకాల్సింది దానికి రెండు మూడేళ్ల ముందు, రైతు కందులు అమ్ముకుని కళ్లనీళ్లు పెట్టుకున్న ఏడాదిలో.

మాది తాండూరు వైపు. ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌లోనే అయినా మా చిన్నాయన ఇంకా అక్కడే నల్లరేగడిలో సేద్యం చేస్తాడు. కింద నాపరాయి పొరలు, పైన నల్లమట్టి. ఆ నేలలో పండిన కందికి ఉడుకు తొందర, రుచి వేరు. 2022 డిసెంబర్‌లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా దిక్కు అందరం సంబరపడ్డాం. గుర్తింపు వచ్చింది గానీ గిట్టుబాటు రాలేదు.

కంది ఎలాంటి పంటో సిటీలో చాలామందికి తెలియదు. జూన్, జూలైలో విత్తితే చేతికొచ్చేది డిసెంబర్, జనవరిలో. ఆరు నెలలు చేనును పట్టుకుని ఉంటుంది. నీళ్లు కట్టరు, వానే దిక్కు. పూత మీద ఉన్నప్పుడు ముసురు పడితే పూత రాలుతుంది, పురుగు పడుతుంది. ఎండు తెగులు వస్తే నిన్న పచ్చగా ఉన్న మొక్క ఇవాళ నిలువునా ఎండిపోతుంది. పచ్చి కాయ పట్టగానే కోతులు దిగుతాయి. ఇన్ని దాటి ఎకరాకు నాలుగైదు క్వింటాళ్లు వస్తే ఆ ఏడాది బాగున్నట్టే. ఏడాదికి ఒక్కటే కోత. ఆ ఒక్క కోత పప్పునే దేశమంతా పన్నెండు నెలలు తినాలి. అందుకే జనవరిలో యార్డులో జరిగేది అక్టోబర్‌లో మన కుక్కర్ దాకా వస్తుంది.

2015 గుర్తుందా? ఆ అక్టోబర్‌లో కిలో రెండు వందలు దాటింది. గోదాముల మీద దాడులు చేశారు, వేల టన్నుల పప్పు పట్టుకున్నామని ప్రకటించారు. సరే, ధర చూసి రైతులు మరుసటి వానాకాలం కంది మీద పడ్డారు. వానలు కూడా కలిసొచ్చాయి. అంతకు ముందు ఏడాది సుమారు 26 లక్షల టన్నులున్న దేశ కంది దిగుబడి 2016-17లో దాదాపు 49 లక్షల టన్నులకు పోయింది. ఆ పంట యార్డుకొచ్చే వేళకు బయటి దేశాల పప్పు ఓడలు కూడా రేవుల్లో దిగుతున్నాయి. మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలు. రైతులకు వచ్చింది చాలాచోట్ల నాలుగు వేలు, అంతకన్నా తక్కువ కూడా. కొనుగోలు కేంద్రాల ముందు బస్తాలు పేర్చుకుని రాత్రుళ్లు అక్కడే పడుకున్న రైతులను నేను చూశాను. గోనె సంచులు లేవని ఒక రోజు, హమాలీలు రాలేదని ఒక రోజు, తేమ ఎక్కువుందని ఇంకో రోజు. తేమ 12 శాతం దాటితే తీసుకోరు. జనవరి మంచులో ఆరుబయట నిలబెట్టిన బస్తాలో తేమ ఎలా తగ్గుతుందో ఎవరూ చెప్పరు.

అలా కాలినవాళ్లు నెమ్మదిగా కందిని తగ్గించుకున్నారు. నీళ్లున్నవాళ్లు వరికి పోయారు. లేనివాళ్లు పత్తికి పోయి కందిని పత్తిలో అంతరపంటగా నాలుగు సాళ్లు వేసి ఊరుకున్నారు. ఇందులో తప్పేముంది? వడ్లను సర్కారు కొంటుందన్న భరోసా ఉంది. పత్తి కొనడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ ఉంది. కందికి కొంటామన్న మాటే ఉంది, దాని కింద ఎన్నో షరతులున్నాయి. రాష్ట్రంలో పండినదాంట్లో పావు వంతు వరకే కేంద్రం కొంటుందని ఒక ఏడాది, పరిమితి ఎత్తేశామని ఇంకో ఏడాది. పంట నమోదులో పేరు లేదంటే ఆ రైతు కొనుగోలు కేంద్రం గడప కూడా తొక్కలేడు.

2022-23 వచ్చేసరికి కలబురగిలో వానలు, ఎండు తెగులు కలిసి కందిని ముంచేశాయి. కలబురగి అంటే మనకు పొరుగే, తాండూరు దాటితే వచ్చేది అదే. దక్షిణాదికి వచ్చే కందిపప్పులో పెద్ద వాటా అక్కడి మిల్లులదే. అంతకు ముందు ఏడాది 42 లక్షల టన్నులున్న దేశ దిగుబడి 33 లక్షలకు పడిపోయింది. మన అవసరం 45 లక్షల టన్నుల దాకా ఉంటుంది. మిగతాది ఎక్కడినుంచి రావాలి? మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీ. ప్రపంచంలో ఇంకెవరూ మనలాగా కందిపప్పు తినరు, మనకోసం పండించే దేశాలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 2023 చివర్లో మొజాంబిక్‌లోని నకాలా రేవులో ఎగుమతిదారుల మధ్య కోర్టు గొడవ వచ్చి మనకు రావాల్సిన కందులు అక్కడే ఆగిపోయాయి. ఎక్కడో ఆఫ్రికా రేవులో ఇద్దరు వ్యాపారులు కొట్లాడుకుంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంట్లో పప్పు చిక్కదనం తగ్గింది. దీన్ని ఆహార భద్రత అని ఎలా అనుకోవాలి?

మళ్లీ ధర చూసి 2024 వానాకాలంలో రైతులు కంది విత్తారు. మా చిన్నాయన కూడా ఉన్న చేనంతా కందే పెట్టాడు. 2025 జనవరిలో కోత మొదలైంది. కళ్లంలో కందులు ఇంకా తూర్పార పట్టకముందే, జనవరి 20న, కంది దిగుమతి మీద సుంకం లేకుండా ఇచ్చిన గడువును కేంద్రం 2026 మార్చి 31 దాకా పొడిగించింది. సంవత్సరంలో పన్నెండు నెలలుంటే ఆ కబురు వినిపించడానికి దొరికింది కోత నెలేనా? అప్పటికే యార్డులో ధర జారుతోంది. ఈ కబురుతో కొనేవాడు ఇంకా చేయి వెనక్కి తీసుకున్నాడు. ఓడల్లో చవగ్గా వస్తుందని తెలిసినవాడు ఇక్కడ ఎగబడి ఎందుకు కొంటాడు? ఆ ఏడాది మద్దతు ధర 7,550. మా చిన్నాయనకు పడింది ఏడు వేల పైచిలుకు. సర్కారు కొనుగోలు కేంద్రానికి ఎందుకు తీసుకుపోలేదని అడిగితే, ఎకరాకు ఇన్నే కొంటాం, పైసలు తర్వాత పడతాయి అన్నారట. విత్తనాలకు, మందులకు తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఏ తర్వాతకూ ఆగదు.

ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో పప్పుధాన్యాలలో స్వయం సమృద్ధి కోసం ఆరేళ్ల మిషన్ అన్నారు. కంది, మినుము, మసూర్‌ను రైతు ఎంత తెస్తే అంతా నాలుగేళ్ల పాటు కొంటామన్నారు. నేను నిజంగానే సంతోషించాను, ఆ మాట కోసం మా దిక్కు ఎన్నేళ్లుగానో ఎదురుచూశారు. కానీ ఆ 2024-25 ఆర్థిక సంవత్సరంలోనే అన్ని పప్పులూ కలిపి దాదాపు 73 లక్షల టన్నులు దిగుమతి చేసుకున్నాం. అంతకు ముందెన్నడూ అంత తెచ్చుకోలేదు. ఒక చేత్తో పండించమంటూ ఇంకో చేత్తో తలుపు బార్లా తెరిచిపెడితే రైతు దేన్ని నమ్మాలి?

దిగుమతే వద్దని నేను అనడం లేదు. ఆఫ్రికా కంది ఆగస్టు, సెప్టెంబర్ తర్వాత బయలుదేరి మన దగ్గర పాత నిల్వలు అడుగంటే వేళకు వస్తుంది. ఆ నెలల్లో అది రాకపోతే పేదవాడి ఇంట్లో పప్పు ఉండదు. అది రావాలి. మన కోత వచ్చే జనవరి నుంచి మార్చి వరకు మాత్రం సుంకం ఉండాలి. ఆ సంగతి రైతు విత్తనం కొనే జూన్‌లోపే చెప్పాలి. అవసరం చూసి తలుపు తీయడం, మూయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మనవాళ్లు మాత్రం ధర పెరిగితే బెదిరి మొత్తం తెరుస్తారు, పడిపోతే కంగారుపడి మొత్తం మూస్తారు. 2017 ఆగస్టులో అలాగే ఉన్నట్టుండి ఏడాదికి రెండు లక్షల టన్నులే అని కట్టడి పెట్టారు. అంతకు ఏడాది ముందే మొజాంబిక్‌తో, మీరు పండించండి మేం కొంటామని ఒప్పందం చేసుకున్నది మనమే. మన మాట నమ్మి విత్తిన అక్కడి చిన్న రైతుల కందులకు ధర కుప్పకూలింది. వాళ్లు కందిపప్పు పెద్దగా తినరు కూడా, ఇంకెక్కడ అమ్ముకుంటారు? మా చిన్నాయనకు జరిగిందే వాళ్లకూ జరిగింది. వాళ్ల ఉసురు కూడా మనకు తగులుతుందని నాకనిపిస్తుంది.

ఇక కొట్టువాడిని తిట్టడం గురించి. దాచుకునేవాళ్లు లేరని అనను, ఉన్నారు, వాళ్లను పట్టుకోవాలి. కానీ వీధి చివర కిరాణా కొట్టాయన దగ్గర ఉండేది ఒకటో రెండో బస్తాలు. పోనీ మిల్లు లెక్క చూడండి. వంద కిలోల కందులు ఆడిస్తే మంచి పప్పు డెబ్భై కిలోల చిల్లర వస్తుంది, మిగతాది పొట్టు, నూక, తవుడు కింద పశువుల దాణాకు పోతుంది. కందిని నేరుగా మరలో పోస్తే పప్పు రాదు. పొట్టుకు గీతలు పెట్టి, నూనె పట్టించి, ఒక రాత్రి ఉంచి, తడిపి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు పగలగొట్టాలి. మా నానమ్మ కాలంలో ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి ఇసుర్రాయిలో ఇసిరేవాళ్లు. క్వింటాలు ఏడు వేలకు కొన్న కందులు పప్పయ్యే సరికి సరుకు ఖర్చే కిలోకు వంద అవుతుంది. ఆడించినందుకు, లారీకి, ప్యాకెట్‌కు, హోల్‌సేల్‌కు, చిల్లర కొట్టుకు కలుపుకుంటే నూట ఇరవై దగ్గర రావాలి. ఆ 2025 మొదట్లో మేం కొన్నది దానికన్నా చాలా ఎక్కువకే. యార్డులో ధర పడినంత వేగంగా కొట్లో పడదు, పెరిగేటప్పుడు మాత్రం రాత్రికి రాత్రి పెరుగుతుంది. మధ్యలో ఆ తేడా ఎక్కడ ఆగుతోందో లెక్క చెప్పించాల్సింది పౌరసరఫరాల శాఖ.

నిల్వ పరిమితులూ అంతే. 2023 జూన్‌లో హోల్‌సేల్ వ్యాపారికి 200 టన్నులు అన్నారు, సెప్టెంబర్‌లో 50కి దించారు. ధరలు మండుతున్నప్పుడు అది అవసరమే కావచ్చు. కానీ ఏ క్షణాన ఏ పరిమితి వస్తుందో తెలియని చిన్న మిల్లువాడు కోత వేళ సరుకు కొని పెట్టుకోవడానికి జంకుతాడు. వాడు కొనకపోతే యార్డులో రైతుకు ధర ఉండదు. పెద్ద కంపెనీలకు ఈ టెన్షన్ లేదు, వాళ్లు ఆఫ్రికాలోనూ కొనగలరు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది బడి పిల్లల సంగతి. తెలంగాణలో మధ్యాహ్న భోజనం వండే అక్కలకు సర్కారు బియ్యం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు మాత్రం పిల్లకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బుతో వాళ్లే తెచ్చుకోవాలి, ఆ బిల్లులు నెలల తరబడి ఆగుతాయి. కందిపప్పు వందా పది ఉన్నప్పుడు ఇచ్చిన లెక్క నూట ఎనభై అయినప్పుడు ఏం సరిపోతుంది? కిరాణా కొట్లో ఉద్దెర పెట్టి, మెడలో పుస్తెలు కుదువపెట్టి వండిపెట్టినవాళ్లు ఉన్నారు. అయినా గిన్నెలో పప్పు చారవుతుంది, చారు నీళ్లవుతుంది. ఆ పిల్లల్లో చాలామందికి రోజు మొత్తంలో దొరికే మాంసకృత్తులు ఆ గిన్నెలోనివే.

రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మంచి పని. మరి పప్పు? 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పథకం కింద 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చారు, అందులో కిలో కందిపప్పు ఉండేది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లలో కిలో 160కి అమ్మించారు, బయట 180 ఉన్నప్పుడు అది ఊరటే. కానీ నేను అడిగేది మంట లేచాక చల్లే నీళ్ల గురించి కాదు. తాండూరు, నారాయణపేట, ఆదిలాబాద్, ప్రకాశం, కర్నూలు రైతుల దగ్గర జనవరిలో మద్దతు ధరకు కొని, దగ్గర్లోని మిల్లుల్లోనే ఆడించి, అదే పప్పును రేషన్‌కు, అంగన్‌వాడీకి, బడికి ఏడాది పొడవునా ఎందుకు ఇవ్వకూడదు? వడ్లతో ఈ పని ఎన్నో ఏళ్లుగా చేస్తూనే ఉన్నాం. కొనే కేంద్రాలున్నాయి, గోదాములున్నాయి, రేషన్ దుకాణాలున్నాయి. కంది మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే ఉంది. లేనిదల్లా పప్పును బియ్యంతో సమానంగా చూసే మనసు.

మొన్న ఫోన్ చేసినప్పుడు మా చిన్నాయన అన్నాడు: "ఈసారి కంది మన ఇంటి మందమే ఏస్త బిడ్డా, మిగతాదంతా పత్తే." ఆయన ఒక్కడే కాదు, ఆ వాడలో సగం మంది మాట అదేనట. అంటే ఇంకో ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కిలో రెండు వందలు, మళ్లీ గోల, మళ్లీ కొట్టువాడి మీద తిట్లు. అప్పుడు ఈ పోస్టు వెతుక్కోవడం కాదు, ఇప్పుడే ఒక పని చేయండి. మీ ఊళ్లో గత కోతకు కందులు ఏ రేటుకు పోయాయి, సర్కారు కేంద్రం తెరిచారా, తెరిస్తే ఎన్ని రోజులకు పైసలు పడ్డాయి, అదే నెలలో మీ వీధి కొట్లో పప్పు కిలో ఎంత ఉంది, ఈ నాలుగూ కామెంట్లలో రాయండి. ఊరు పేరు, నెల తప్పకుండా పెట్టండి. అన్నీ ఒకచోట చేర్చి జిల్లాల వారీగా పట్టిక తయారుచేసి, విత్తనాలు వేసేలోపు రెండు రాష్ట్రాల వ్యవసాయ మంత్రులకు, పౌరసరఫరాల మంత్రులకు పంపుతాను.