పెద్దమనుషుల ఒప్పందానికీ ఒక అధికరణం కావాలి

నేపాల్ రాజ్యాంగంలో 308 అధికరణాలున్నాయి. రెండు రాజ్యాంగ సభలు, ఏడేళ్ల తర్జనభర్జనలు అయ్యాక 2015 సెప్టెంబరు 20న అమల్లోకి వచ్చింది. అంత చెమటోడ్చి రాసిన పుస్తకంలో, ఆ దేశాన్ని అసలు నడిపిస్తూ వచ్చిన వ్యవస్థ ఊసు మచ్చుకైనా లేదు. దాన్ని అక్కడ ‘భద్ర సహమతి’ అంటారు. నాయకులు పదవులను తమలో తాము పంచుకునే మాట అన్నమాట, మన లెక్కలో పెద్దమనుషుల ఒప్పందం. 1956 తర్వాత దాని విలువెంతో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్ది, దాన్ని 309వ అధికరణంగా చేర్చాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాం.

ముందు రాసి ఉన్నదాని పనితనం చూద్దాం. 1990లలో ప్రభుత్వాలు ఒకదాని వెంట ఒకటి కూలడం చూసి విసిగినవాళ్లు 100వ అధికరణానికి గట్టి తాళం వేశారు. కొత్త ప్రధాని మీద తొలి రెండేళ్లు అవిశ్వాసం పెట్టకూడదు. పెట్టి ఓడితే ఏడాది ఆగాలి. తర్వాతి ప్రధాని ఎవరో తీర్మానంలోనే రాయాలి. అంతా బాగుంది. అయితే అదే అధికరణంలో ఇంకో వాక్యం ఉంది: మిత్రపక్షం మద్దతు వెనక్కి తీసుకుంటే 30 రోజుల్లో ప్రధానే విశ్వాస పరీక్షకు నిలబడాలి. అంటే అవిశ్వాసం పెట్టే శ్రమ ఎవరికీ అక్కర్లేదు, ఒక ఉత్తరం ముక్క చాలు.

2022 ఎన్నికల్లో దేవుబా నేతగా ఉన్న నేపాలీ కాంగ్రెస్‌కు 89, ఓలీ నడిపే కమ్యూనిస్టు పార్టీ ఎమాలేకు 78, ప్రచండ మావోయిస్టు కేంద్రానికి 32 సీట్లు వచ్చాయి. సభలో మొత్తం సీట్లు 275. కనుక 32 సీట్ల ప్రచండ ప్రధాని అయ్యారు. 2023 జనవరిలో తొలి విశ్వాస పరీక్షలో హాజరైన 270 మందిలో 268 మంది ఆయనకే ఓటేశారు. ప్రతిపక్షం ఎవరో వెతుక్కోవాల్సిన పరిస్థితి. ఆ తర్వాత ఏడాదిన్నర తిరిగేసరికి మరో నాలుగుసార్లు పరీక్షకు నిలబడ్డారు. 2024 జూలైలో అయిదోసారి వచ్చిన ఓట్లు 63. ఈ మధ్యలో దేశంలో సార్వత్రిక ఎన్నికలేమీ జరగలేదు. దాదాపు ఆ సభ్యులే, ఆ కుర్చీలే.

ఇక వంతుల పద్ధతి. 2015 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా ప్రధాని కుర్చీ ఓలీ, ప్రచండ, దేవుబా అనే ముగ్గురి చేతుల్లోనే తిరిగింది. ఈ పద్ధతి ఒకసారి అచ్చంగా పనిచేసింది కూడా. 2016 ఆగస్టులో ఎక్కిన ప్రచండ, మాటిచ్చినట్టే 2017 మేలో రాజీనామా చేసి దేవుబాకు దారి వదిలారు. కారణం ధర్మబుద్ధి అనుకుంటే పొరపాటు. మాట తప్పినవాడి సర్కారును పడగొట్టే బలం అవతలివాడి దగ్గరుంది.

2018లో చేసిన తప్పు ఇక్కడే. ఓలీ, ప్రచండ చెరి రెండున్నరేళ్లు అని రహస్యంగా రాసుకుని, ఆపైన రెండు పార్టీలనూ కలిపేసి ఒకే పార్టీ చేశారు. బలం 174కు చేరింది, బెదిరింపు మాయమైంది. ఒకే పార్టీలో ఉన్నవాడు మద్దతు ఎలా వెనక్కి తీసుకుంటాడు? వంతు రాలేదు. 2020 డిసెంబరులో ఓలీ ఏకంగా సభనే రద్దు చేశారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సభను తిరిగి నిలబెట్టింది. మార్చిలో మరో తీర్పిచ్చింది: ఆ పేరుతో ఇంకో పార్టీ ముందే నమోదై ఉంది, కాబట్టి మీ విలీనమే చెల్లదు. మూడేళ్లు దేశాన్నేలిన పార్టీ అసలు లేనేలేదని తేలింది.

ఆ మే నెలలో సంఖ్యాశాస్త్రానికి నేపాల్ చేసిన సేవ మరువలేనిది. తనకు 153 మంది మద్దతుందని ఓలీ రాష్ట్రపతికి చెప్పారు. దేవుబా 149 మంది సంతకాలు పట్టుకెళ్లారు. 275 సీట్ల సభలో 302 మంది. ఓలీ తన పార్టీని గంపగుత్తగా లెక్కేసుకున్నారు, అందులో 26 మంది అప్పటికే దేవుబా కాగితం మీద సంతకాలు చేసేశారు. సభ మళ్లీ రద్దయింది, మళ్లీ కోర్టే జూలైలో నిలబెట్టి దేవుబాను ప్రధానిగా నియమించమంది. గమనించండి, రాజ్యాంగంలో రాయని ఒప్పందం తెగిన ప్రతిసారీ పెద్దమనుషులు పరుగెత్తింది రాసిన పుస్తకం దగ్గరికే.

కింది స్థాయిలో ఈ పంపకం ఇంకా నిక్కచ్చిగా జరిగింది. 1997లో ఎన్నికైన స్థానిక సంస్థల గడువు 2002లో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు 2017లోనే. ఈలోగా ఊళ్లలో ‘సర్వదళీయ సంయంత్రం’ వెలిసింది. పార్టీకో మనిషి కూర్చుని బడ్జెట్ పంచుకునేవాళ్లు, సంతకం మాత్రం ప్రభుత్వ కార్యదర్శిది. ఆడిట్ వస్తే ఇరుక్కునేదీ ఆయనే. అందరూ కమిటీలోనే ఉంటే నిలదీసే మనిషి మిగలడు. అవినీతి ఆరోపణలు ముదిరి అధికార దుర్వినియోగ విచారణ సంస్థ పట్టుబట్టాక గానీ 2012లో దాన్ని ఎత్తేయలేదు.

కాబట్టి మా ముసాయిదా ఇదీ. 309(1): ప్రధాని పదవీకాలం అయిదేళ్లు. ఇద్దరుంటే చెరి రెండున్నరేళ్లు, ముగ్గురుంటే తలా ఇరవై నెలలు. 309(2): ఒప్పందం అర్ధరాత్రి దాటాకే జరగాలి. 309(3): ఒకే సభ్యుడు రెండు జాబితాల్లో ఉంటే రెండు చోట్లా లెక్కపెట్టాలి.

రెండో ఉపనియమానికి 2024 జూలై ఒప్పందమే ఆధారం. తొలి రెండు పెద్ద పార్టీలూ అర్ధరాత్రి కలిసిపోయి, ముందు ఓలీ, తర్వాత దేవుబా అనుకున్నాయి. దేవుబా వంతు రాకముందే 2025 సెప్టెంబరులో సామాజిక మాధ్యమాలపై నిషేధం, యువత ఆందోళన వచ్చాయి. 8వ తేదీ ఒక్కరోజే 19 మంది ప్రాణాలు పోయాయి. మర్నాడు ఓలీ దిగిపోయారు.

తర్వాతి ప్రధాని ఎవరన్న చర్చ డిస్కార్డ్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికలో జరిగింది. సుశీలా కార్కీ పేరు తేలింది. 76వ అధికరణం ప్రకారం ప్రధాని ప్రతినిధి సభ సభ్యుడై ఉండాలి, ఆమె కారు. 132వ అధికరణం ప్రకారం మాజీ ప్రధాన న్యాయమూర్తి ప్రభుత్వ పదవి చేపట్టకూడదు, ఆమె మాజీ ప్రధాన న్యాయమూర్తి. 12వ తేదీ రాత్రి ప్రమాణ స్వీకారం జరిగింది, ఆ రాత్రే సభ రద్దయింది. నియామకానికి చూపిన ఆధారం 61వ అధికరణం. రాజ్యాంగాన్ని తాను పాటిస్తూ కాపాడటం రాష్ట్రపతి ప్రధాన కర్తవ్యమని చెప్పేది అదే.