గ్రీన్లకు బెజ్జాలు వేయడం పాడుచేయడం కాదు

గోల్ఫ్ ఆడేవాళ్ల మధ్య ఒక వాదన తెగ తిరుగుతోంది. గ్రీన్ అంటే బంతిని దొర్లించి గుంటలో వేసే, గడ్డిని బాగా కురచగా కోసిన చోటు. బాగున్న గ్రీన్లకు బెజ్జాలు పొడిచి ఇసుక పోయడం దండగ పని అట. గడ్డి గోధుమరంగుకి తిరిగితే నీళ్లు పెంచాలట. బంతి వేగంగా దొర్లాలంటే గడ్డిని ఇంకా కురచగా కోయాలట. సీజన్ అయిపోయాక మెషీన్లకు కవర్ కప్పి షెడ్డులో పెడితే చాలట. గడ్డి పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా నిలవదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మొదటిదే కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

బెజ్జాలు వేసే రోజుకి గ్రీన్ బాగానే ఉంటుంది, నిజమే. బాగున్నప్పుడే వేయాలి. గాయం మానాలంటే గడ్డికి ఎదిగే ఊపు ఉండాలి కదా. గ్రీన్ మీద గడ్డి ఎత్తు 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దాని అడుగున చచ్చిన కాడలు, వేళ్లు, పక్కలకు పాకే తీగలు పేరుకుని మెత్తని పొరగా తయారవుతాయి. దాన్ని థాచ్ అంటాం. పలచగా ఉంటే మేలే. మందమైతే మాత్రం స్పాంజిలా నీళ్లు తాగి పైనే ఉంచుకుంటుంది. తడి పైనే దొరుకుతుంటే వేళ్లు లోతుకి దిగవు, పైగా ఆ తడిలో తెగుళ్లు కాపురం పెడతాయి. దీనికి తోడు రోజూ తొక్కే కాళ్లు, గడ్డి కోస్తూ తిరిగే మోవర్లు మట్టిని బిగించేస్తాయి. బిగిసిన మట్టిలో గాలికి చోటుండదు.

ఈ బెజ్జాలు వేసే ఏరేషన్ మెషీన్ చేసేదల్లా గొట్టాల్లాంటి పళ్లతో, సుమారు 12 మిల్లీమీటర్ల లావున, 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతున మట్టిని ముక్కలుగా బయటికి లాగడం. ఆ ఖాళీల్లో ఇసుక నింపుతాం. కొన్ని వారాల తర్వాత అక్కడ ఒక చిన్న ముక్క తవ్వి చూడండి. తెల్లని కొత్త వేళ్లు ఆ ఇసుక వెంటే కిందికి దిగి ఉంటాయి. ఎన్నేళ్లు చూసినా నాకు అది సంతోషాన్నిచ్చే దృశ్యమే.

'మరి మేం ఎక్కువగా ఆడే రోజుల్లోనే ఎందుకు?' అన్న ప్రశ్న న్యాయమైనదే. చల్లని వాతావరణానికి చెందిన బెంట్ గ్రాస్ 15 నుంచి 24 డిగ్రీల మధ్య బాగా ఎదుగుతుంది. గరిక జాతికి చెందిన బెర్ముడాకి 27 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. అందుకే మొదటిదానికి వసంతంలోనో ఎండలు తగ్గాకో బెజ్జాలు వేస్తాం, రెండోదానికి వేసవి మొదట్లో వేస్తాం. బెంట్ గ్రాస్‌కి నడివేసవిలో వేస్తే బెజ్జాల అంచులు మాడిపోతాయి. బెర్ముడాకి చలికాలం ముందు వేస్తే మళ్లీ వేడి వచ్చేదాకా ఆ గుంటలు పూడవు. గడ్డికి అనువైన రోజులే మనిషికీ ఆటకు అనువుగా ఉంటున్నాయి. ఇందులో ఆటగాళ్ల మీద కక్ష ఏమీ లేదు.

నీళ్ల సంగతి. నేల బాగా చల్లబడితే బెర్ముడా నిద్రలోకి వెళ్తుంది. ఆకు ఎండినట్టు కనిపించినా మొదలు, నేలలోని దుంపకాడలు బతికే ఉంటాయి. ఎన్ని నీళ్లు పోసినా అది పచ్చబడదు. పూర్తిగా ఎండిపోకుండా చూసుకుంటే చాలు. వేసవిలో వాడిపోయిన బెంట్ గ్రాస్‌కి అదే పనిగా నీళ్లు పోస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే వేళ్లకు ఊపిరాడదు. పైపు పట్టుకునే ముందు మట్టిలో కత్తి దింపి తడి చూడాలి.

కురచగా కోస్తే కొన్నాళ్లు వేగం పెరుగుతుంది, కాదనను. కానీ ఆకు గడ్డికి వంటిల్లు. దాన్ని కత్తిరించిన కొద్దీ వేళ్లకు తిండి తగ్గుతుంది. రోలర్‌తో నునుపు చేయడం, పలచగా ఇసుక చల్లడం, నత్రజని ఎరువు అదుపులో ఉంచడం ద్వారా కూడా వేగం వస్తుంది. ఎండలు ముదిరినప్పుడు నేను కోత ఎత్తుని అర మిల్లీమీటరు పెంచుతాను. ఆ కాస్త వేగం పోతే పోనీ.

ఇక మెషీన్లు. రీల్ మోవర్ కత్తెరలా కోస్తుంది. తిరిగే బ్లేడ్లు, కింద కదలకుండా ఉండే బెడ్ నైఫ్ రెండూ పదునుగా, సరైన దూరంలో ఉంటేనే ఆకు తెగుతుంది. లేకపోతే చిరుగుతుంది, కొనలు తెల్లబడతాయి. ఆ సాన పట్టే పనికి తీరిక దొరికేది సీజన్ కాని రోజుల్లోనే. వాడకుండా వదిలేసిన పెట్రోల్ పాతబడి కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది. ఛార్జింగ్ దిగిపోయిన బ్యాటరీ గడ్డకట్టే చలికి పగిలిపోవచ్చు. నిండా ఛార్జ్ అయి ఉంటే ఆ భయం ఉండదు. మంచు కురిసే చోట్ల పైపుల్లోని నీళ్లు కూడా కంప్రెసర్‌తో ఊదేయాలి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది మరి.

ఒక ఏడాది ఆయిల్ పారే హైడ్రాలిక్ గొట్టాలను పరీక్షించకుండానే మోవర్ని బయటికి తీశాం. మూడో గ్రీన్ మధ్యలో గొట్టం పగులు ఇచ్చింది. వేడి ఆయిల్ పడినంత మేరా గడ్డి చచ్చిపోయి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గోధుమరంగు గీత మిగిలింది. ఆ గీత పొడవునా గడ్డిని కోసి తీసేసి, నర్సరీలో పెంచిన గడ్డి ముక్కలు తెచ్చి ఒక్కొక్కటే అతికించాం.