అప్పలనాయుళ్ల కొరత

మన జిల్లాల్లో అప్పలనాయుళ్ల కొరత ముంచుకొస్తోంది, ప్రభుత్వానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఎరువుల కోసం క్యూలు కడతాం, ఇసుక కోసం ధర్నాలు చేస్తాం, దీని మీద ఇంతవరకూ ఒక్క కరపత్రం కూడా రాలేదు. నమ్మకం లేకపోతే శ్రీకాకుళంలో ఏ ఇంగ్లీషు మీడియం బడికైనా వెళ్లి ఎల్‌కేజీ అటెండెన్స్ వినండి. షాన్వి, ఇంకో షాన్వి, రిత్విక్, హెచ్ ఎక్కువున్న రిత్విక్, హెచ్ తక్కువున్న రిత్విక్. ఆ రిజిస్టరు పట్టుకెళ్లి పుణేలోనో ఘజియాబాద్‌లోనో పెట్టినా ఎవడికీ అనుమానం రాదు. పైడిరాజు లేడు, కూర్మారావు లేడు. ముఖలింగం అయితే పూర్తిగా అంతరించినట్టే. తేలినీలాపురం వచ్చే కొంగలకైనా అటవీశాఖ వాళ్లు కాపలా ఉంటారు, ముఖలింగానికి ఆ దిక్కూ లేదు.

మన పెద్దవాళ్ల దగ్గర పేర్ల పుస్తకాలు లేవు, చుట్టూ దేవుళ్లున్నారు. సింహాచలం కొండ మీది అప్పన్నకి మొక్కుకుంటే అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ. విజయనగరం అమ్మవారికి మొక్కుకుంటే పైడితల్లి, పైడిరాజు. అరసవల్లి వాళ్లకి సూర్యనారాయణ, శ్రీకూర్మం వాళ్లకి కూర్మారావు, శంబర పోలమాంబ వైపు పోలినాయుడు, పోలమ్మ. సింహాచలం అన్న పేరు మగాడికీ పెట్టారు, ఆడపిల్లకీ పెట్టారు, పైడితల్లీ అంతే, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. పేరు వినగానే మనిషిది ఏ వైపో, ఏ మొక్కుకి పుట్టాడో సగం తెలిసిపోయేది. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం జనంలో నిలబడి "ఒరే పైడిరాజూ!" అని ఒక్క కేక వేస్తే సగం వీధి వెనక్కి తిరిగి చూసేది. ఇప్పుడు అదే చోట "రిత్విక్!" అని అరిచినా సగం వీధి చూస్తుందనుకోండి, అయితే వాళ్లంతా ఎక్కడివాళ్లో వాళ్లకే తెలీదు.

ఇప్పుడు పేరు పెట్టే హక్కు న్యూమరాలజిస్టుది. ఆయన లెక్క ఇంగ్లీషు అక్షరాలతో. ఒక్కో అక్షరానికి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక అంకె, అన్నీ కూడి పిల్లాడి భవిష్యత్తు తేలుస్తాడు. మన యాభైయారు అక్షరాలకీ ఆయన దగ్గర సున్నా మార్కులే. తెలుగులో పలికితే వినపడని, తెలుగులో రాస్తే కనపడని ఒక ఇంగ్లీషు 'ఎ'ని మధ్యలో దూర్చి, దానికి డబ్బులు తీసుకుంటాడు. పాపం, ఈ సదుపాయం లేకే గురజాడ ఆయన వట్టి అప్పారావుగానే ఉండిపోయి, 1892లో విజయనగరంలో నాటకం ఆడించుకుని సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మన జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కంచు పతకం తెచ్చింది. ఇంకో రెండు 'ఎ'లు తగిలించి ఉంటే భూమినే ఎత్తేసేదేమో.

మొన్న నరసన్నపేట అవతల ఒక పల్లెలో బారసాలకి వెళ్లాను. పిల్లాడిది హస్తా నక్షత్రం మూడో పాదం. పంచాంగంలో హస్తకి పూ, ష, ణ, ఠ. అంటే వీడి వాటాకి 'ణ' వచ్చింది. పంతులు గారు అనుభవం ఉన్న మనిషి, "జన్మనామం సంగతి నేను చూసుకుంటాను, పిలుచుకోడానికి తాత గారి పేరు ఉండనే ఉంది, సూర్యనారాయణ, లక్షణంగా ఉంటుంది" అన్నారు. అక్కడితో అయిపోవాల్సింది. పిల్లాడి తండ్రి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఆయన ఫోన్ తీసి, ఫీజు కట్టి తెప్పించిన పేరు చదివాడు: ణిహ్విధాన్ష్.

పందిట్లో ఎవరూ మాట్లాడలేదు. ఎవరికో పొలమారింది.

పళ్లెంలో బియ్యం పరిచారు, తండ్రి ఉంగరంతో రాయడం మొదలెట్టాడు. తెలుగులో రాస్తే లెక్క కుదరదట, ఇంగ్లీషులోనే రాయాలట. హెచ్‌లు, డబల్ 'ఎ'లు పేర్చుకుంటూ పోతే పళ్లెం అంచు వచ్చేసింది, పేరు ఇంకా సగంలో ఉంది. బియ్యం సర్ది మళ్లీ చిన్నచిన్న అక్షరాలతో రాశాడు, ఈసారి ఆఖరి హెచ్ మర్చిపోయాడు. హెచ్ అంటే ఐదు, ఐదు తగ్గితే ఆరు రావలసింది ఒకటి వస్తుందని ఆయన భార్య టెన్షన్‌తో అరిచింది. మేనమామ పరిగెత్తి ఇంకో పళ్లెం తెచ్చాడు. అలా పేరు రెండు పళ్లాల మీద వెలిసింది, మొదటి పళ్లెంలో అసలు సరుకు, రెండో దాంట్లో ఎన్, ఎస్, హెచ్. ఫోటోగ్రాఫర్ రెండు పళ్లాలూ ఒకే ఫ్రేములో పట్టక వెనక్కి వెనక్కి జరుగుతూ అరటిపళ్ల గెల మీద కూలబడ్డాడు. ఆ గందరగోళంలో పెరట్లోంచి ఒక కోడి వచ్చి రెండో పళ్లెంలో హెచ్‌ని ముక్కుతో పొడిచి సగం తినేసింది. లెక్క మళ్లీ తప్పింది.

ఇక అందరికంటే పెద్దది మామ్మ గనక పిల్లాణ్ణి మొదట ఆవిడే పేరు పెట్టి పిలవాలన్నారు. ఆవిడ రెండుసార్లు నోరు తెరిచి మూసింది. "ఏటి పేరు బావూ ఇది, నోరు తిరగడం నేదు. నాను సూరిగాడనే పిలుస్తాను" అంది.

"అలా పిలిస్తే వైబ్రేషన్స్ పోతాయి మామ్మా!"

"మీ నాన్నని ఊరంతా సూరిగాడనే పిలిచీవోరు, ఏటి తక్కువైందిరా?"

ఆ నాన్న, అంటే అసలు సూర్యనారాయణ గారు, పందిరి గుంజ దగ్గర కుర్చీలో కూర్చుని తన పేరు మీద జరుగుతున్న వేలం చూస్తున్నారు. ఎవరో కుర్రాడు అర్థం వెతకమన్నాడు. ఒక ఫోన్‌లో విష్ణువు అని వచ్చింది, ఇంకో ఫోన్‌లో తొలి వెలుగు, మూడో ఫోన్‌లో విజేత. నేను గమనించినంతలో ఇంటర్నెట్‌లో ఏ పేరు కొట్టినా ఈ మూడింట్లో ఏదో ఒకటి వస్తుంది.

ఇదంతా ఫ్యాషన్ పిచ్చి అనుకుంటే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. దీని అడుగున ఉన్నది సిగ్గు, అదీ ఎవరో మనకి నేర్పిన సిగ్గు. ఎన్ని సినిమాల్లో చూశాం, పనిమనిషి అయితే అప్పలనరసమ్మ, తన్నులు తినే కమెడియన్ అయితే అప్పలరాజు, వాడు మన యాసలో ఒక్క ముక్క అంటే చాలు హాలంతా ఘొల్లుమనాలి. మనమూ ఘొల్లుమన్నాం, టికెట్ కొనుక్కుని మరీ. ఇంటికొచ్చి పిల్లాడికి పేరు వెతకడానికి కూర్చున్నాం.

నాకు తెలిసినాయన పేరు తవిటినాయుడు. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి సర్టిఫికెట్ చూసి, పేరు పైకి చదివి, పక్కవాడికి చూపించి నవ్వాడట. ఆ తర్వాత ఆయన టి.నాయుడు అయిపోయాడు, పెళ్లి శుభలేఖలో కూడా. అయ్యా నవ్విన పెద్దమనిషీ, ఆ పేరు ఎలా వస్తుందో తెలుసా నీకు? కడుపున పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి చాటలో వేసి పొరుగింటావిడ చేతిలో పెట్టి, ఇంత తవుడు కొలిచి ఇచ్చి మళ్లీ కొనుక్కునేవాళ్లు. పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ. వీడు తవుడుపాటి చెయ్యడు, నీకెందుకు వీడు, వదిలెయ్ అని ఒక బాలింత చావుకి అబద్ధం చెప్పేది. ఆసుపత్రి లేదు, మందు లేదు, ఆవిడ చేతిలో ఉన్నది ఆ అబద్ధం ఒక్కటే. దాన్ని చూసి నీకు నవ్వొచ్చింది! ఏసీ గదిలో కూర్చుని, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి మరీ నవ్వావు. ఆ నవ్వుకి భయపడి ఒక మనిషి ముప్ఫై ఏళ్లుగా తన పేరులో మొదటి సగాన్ని ఒక్క అక్షరం వెనక దాచుకు తిరుగుతున్నాడు. సిగ్గుపడాల్సింది ఆయనా?

ఒక్కళ్లని మాత్రం నేనేమీ అనను. ఊళ్లో అందరి పేర్ల చివరా గారూ నాయుడూ ఉండగా, పాత కాగితాల్లో తాత పేరు పోలిగాడు అనే రాసి ఉన్న ఇళ్లున్నాయి. ఆ ఇంటి మనవడు కొడుక్కి విక్రమాదిత్య అని పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, ఇంకా పెద్ద పేరు దొరికితే అదీ పెట్టుకోనివ్వండి. ఆ తాతని పోలినాయుడు గారూ అని ఒక్కరోజైనా పిలవని వాళ్లకి ఇప్పుడు పాత పేర్ల మీద బెంగ ఎందుకో.

ణిహ్విధాన్ష్ విషయానికొస్తే, కోడి తిన్న హెచ్ అపశకునమని న్యూమరాలజిస్టుకి మళ్లీ ఫోన్ చేశారు. రెండో విడత ఫీజుకి ఆయన ఇంకో స్పెల్లింగ్ పంపాడు, అది పిల్లాడి తల్లికి నచ్చలేదు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగానే ఉంది. ఏడాది లోపు అయితే ఉచితంగా, ఆ పైన రుసుము కట్టి పదిహేనేళ్ల దాకా పేరు ఎక్కించుకోవచ్చని చట్టం చెబుతోంది గనక తొందరేమీ లేదని, మూడో సిట్టింగ్‌కి డిస్కౌంట్ ఇస్తానని న్యూమరాలజిస్టు అన్నాడట.