చెవికి పట్టనప్పుడు ఎన్ని డ్రైవర్లుంటే ఏం లాభం?

రోజూ పొద్దున కావలిలో రైలెక్కి నెల్లూరులో దిగుతాను, సాయంత్రం అదే దారిన వెనక్కి. బిట్రగుంట, అల్లూరు రోడ్డు, తలమంచి, కొడవలూరు, పడుగుపాడు, ఆ తర్వాత పెన్నా వంతెన. సీటు దొరికిన రోజు పండగ. దొరకని రోజు తలుపు దగ్గర ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో క్యారియర్. పదకొండేళ్లుగా నేను పాటలు వింటున్నది ఈ రైల్లోనే. ఇంట్లో ఎక్కడ కుదురుతుంది, కుక్కరు విజిళ్లు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది.

మొన్న ఎదుటి సీట్లో కూర్చున్న కుర్రాడు నా చెవుల వంక చూసి "అక్కా, ఐఈఎమ్మా అది?" అన్నాడు. అవునన్నాను. ఐఈఎమ్ అంటే ఇన్-ఇయర్ మానిటర్, చెవి రంధ్రంలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్. "సింగిల్ డ్రైవరా?" అన్నాడు. డ్రైవర్ అంటే దాని లోపల శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్. ఆ 'సింగిల్' అనడంలో ఎంత జాలి పలికిందంటే, ముప్పై దాటినా పెళ్లికాని పిల్లని చుట్టాలు పలకరించినప్పుడు కూడా అంత పలకదు. "నావి ఒక్కో సైడు ఐదక్కా" అని తీసి చూపించాడు. నగల్లాగా మెరిసిపోతున్నాయి. అంతా బాగుంది గానీ, మాట్లాడుతున్నంతసేపూ రెండు నిమిషాలకోసారి కుడిచెవిలోదాన్ని వేలితో లోపలికి నొక్కుకుంటూనే ఉన్నాడు. "ఏంది నాయనా, జారిపోతా ఉందా?" అంటే, "అది అంతేలే అక్కా, వాల్యూమ్ పెంచుకుంటే సరిపోద్ది" అన్నాడు.

ఆ ఒక్క మాటకే ఈ పోస్టు.

చైనా ఐఈఎమ్‌ల మీద వీడియోలు చూసి చూసి జనం డ్రైవర్లు లెక్కపెట్టడం నేర్చుకున్నారు, ఏ శబ్దం ఎంత గట్టిగా వస్తుందో గీసి చూపించే గ్రాఫులు చదవడం నేర్చుకున్నారు, చెవిలో సరిగ్గా పెట్టుకోవడం మాత్రం నేర్చుకోలేదు. రెండు వేల రూపాయల అటూ ఇటూ ధరలో ఇవాళ దొరికేవాటిలో మంచి పేరున్నవి చాలావరకు బాగానే పాడతాయి. పాడలేదని మీకనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఆ కొసన ఉన్న రబ్బరు ముక్కని.

ఎందుకో చెప్తాను. చెవి రంధ్రం పూర్తిగా మూసుకుంటేనే లోపల బేస్ నిలుస్తుంది. వెంట్రుకవాసి సందున్నా ముందు పోయేది బేసే. మృదంగంలో ఎడమచేతి గుమికి మాయమై కుడిచేతి టకటకలు మాత్రం మిగులుతాయి. పాట డొల్లగా ఉందని వాల్యూమ్ పెంచుతాం. పెంచితే పోయిన బేస్ రాదు, ఉన్న ట్రెబుల్, అంటే ఆ సన్నటి పై శబ్దం, గుచ్చుకుంటుంది. "రేకు డబ్బా శబ్దం, దండగ" అని దాన్ని సొరుగులో పడేసి ఇంకోటి ఆర్డర్ పెడతాం. అది కూడా అదే చెవికి, అదే ఎమ్ సైజు రబ్బరుతో. పెట్టెలో ఎస్, ఎల్ సైజులు ఇంకో చిన్న కవరులో వేసి ఇస్తారు. ఎంతమంది ఆ కవరు చింపారో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

నా కుడిచెవికి ఎస్, ఎడమచెవికి ఎమ్. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని రూలేం లేదు. ఈ సంగతి తెలియడానికి నాకు మూడు జతలు, నాలుగేళ్లు పట్టింది. చూసుకోవడం చాలా తేలిక. డోలు గానీ బేస్ గిటార్ గానీ బాగా వినిపించే పాట పెట్టి, ఐఈఎమ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ ఒక్కసారిగా నిండుగా వచ్చిందంటే అప్పటిదాకా గాలి పోతున్నట్టే, సైజు మార్చాలి. పెట్టుకునేటప్పుడు చెవి పైభాగాన్ని కొంచెం పైకీ వెనక్కీ లాగితే రంధ్రం తిన్నగా అయ్యి లోపలికి సరిగ్గా కూర్చుంటుంది. వైరు కిందికి వేలాడేసుకోకుండా చెవి మీదుగా వెనక్కి తిప్పుకోవాలి. లేదంటే చున్నీకి తగిలినప్పుడల్లా ఆ రాపిడి గరగరమని చెవిలోకి వస్తుంది.

వైరు చెవి మీదుగా వేసుకునే పద్ధతి స్టేజీ మీద పాడేవాళ్ల నుంచి వచ్చింది. పేరులో మానిటర్ అని ఉన్నదీ అందుకే. స్టేజీ మీద తమ గొంతు, తమ వాయిద్యం తమకి వినపడటం కోసం పుట్టిన వస్తువు ఇది. అల్టిమేట్ ఇయర్స్ అనే అమెరికా కంపెనీ 1995లో మొదలైంది ఒక డ్రమ్మర్ అవసరం కోసమే. అప్పట్లో మామూలు మనిషి వాటి వంక చూడగలిగేవాడు కాదు. ఇవాళ మన చేతికి ఇంత చవకగా వచ్చాయంటే అది చైనావాళ్ల పుణ్యమే. ముఖ్యంగా 2022 బాగా కలిసొచ్చిన సంవత్సరం. చెంగ్డూ నగరానికి చెందిన మూన్‌డ్రాప్ వాళ్ల చూ, సెవెన్ హెర్ట్జ్ వాళ్ల శాల్నోట్స్ జీరో, టాంగ్జూ వాన్‌అర్, అన్నీ ఆ ఏడాదే, అన్నీ ఇరవై డాలర్ల చుట్టుపక్కలే. మూడింటిలోనూ చెవికి ఒకటే డ్రైవర్. మా రైలు కుర్రాడు జాలిపడే రకం.

ఈ డ్రైవర్ల లెక్క చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కేజెడ్ వాళ్ల జెడ్ఎస్ 10 ప్రోనే తీసుకోండి. పేరులో ఆ 10 రెండు చెవులవీ కలిపితే వచ్చేది. ఒక్కో చెవికి మామూలు స్పీకర్ లాంటి డైనమిక్ డ్రైవర్ ఒకటి, నాలుగు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు. ఆర్మేచర్లు వినికిడి యంత్రాల్లో వాడే చిన్న చిన్న పెట్టెలు, చెడ్డవేం కావు. కానీ ఐదుగురు వంటవాళ్లు ఒకే పులుసులో ఉప్పు వేస్తే ఏమవుతుంది? ఎవరు ఎంత వెయ్యాలో చెప్పే పెద్దమనిషి ఒకరుండాలి. ఇక్కడ ఆ పెద్దమనిషి ట్యూనింగ్, అంటే ఏ శబ్దం ఎంత వినపడాలో కంపెనీవాళ్లు సర్దిపెట్టడం. అది కుదిరిన చోట ఒక్క డ్రైవరూ బాగుంటుంది, నాలుగూ బాగుంటాయి. ట్రూథియర్ హెక్సాలో చెవికి నాలుగున్నాయి, చక్కగా కుదిరాయి కూడా. కానీ దాని ధర ఎనభై డాలర్లు, ఈ పోస్టు దాని గురించి కాదు.

నా మొదటి చైనా జత 2019లో తెప్పించుకున్నాను, నేరుగా అలీఎక్స్‌ప్రెస్ అనే చైనా ఆన్‌లైన్ షాపు నుంచి. 47 రోజులు పట్టింది. పోస్ట్‌మ్యాన్ ఆ నలిగిన పసుపుపచ్చ కవరుని అటూ ఇటూ తిప్పి చూసి "చైనా నుంచి ఏం తెప్పించుకున్నావమ్మా?" అని అడిగితే ఏదో దొంగసొత్తు తీసుకున్నట్టు సంతకం పెట్టాను. 2020 నవంబర్‌లో ప్రభుత్వం నిషేధించిన 43 యాప్‌లలో అలీఎక్స్‌ప్రెస్ కూడా పోయింది, ఆ ముచ్చట అక్కడితో తీరింది. ఇప్పుడు ఇక్కడి అమ్మకందార్ల దగ్గరే దొరుకుతున్నాయి. డాలర్ ధర మీద కొంత ఎక్కువే పడుతుంది. అయినా వారంటీ ఉంటుంది, వారంలో ఇంటికొస్తుంది.

ఆ మొదటి జత కంపెనీ పేరు చెప్పను గానీ, దాంతో ఒక విషయం బాగా తెలిసొచ్చింది. పెట్టుకోగానే "అబ్బా" అనిపించింది. బేస్ దంచుతోంది, పైన తాళాలు ఘల్లుమంటున్నాయి. నాలుగో రోజు బాలు పాట పెట్టాను. ఆయన ఎక్కడో పక్క పెట్టెలో కూర్చుని పాడుతున్నట్టుంది! బేస్, ట్రెబుల్ రెండూ పైకి లేపి మధ్యలో గొంతును కిందికి తొక్కేసే ట్యూనింగ్ అది. గ్రాఫు గీస్తే ఇంగ్లిష్ వి అక్షరంలా ఉంటుంది. షాపులో రెండు నిమిషాలు వినేవాడిని పడగొట్టడానికి అంతకు మించింది లేదు. నెల్లూరు మనిషినై ఉండి, తిప్పరాజువారి వీధిలోని సొంతింటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన ఆ మహానుభావుడి గొంతునే వెనక బెంచీలో కూర్చోబెట్టే వస్తువు నాకెందుకు? మన పాటలో గొంతే పెళ్లికొడుకు. చరణం ఎత్తుకునే ముందు ఆయన పీల్చే ఊపిరి, పల్లవిలో ఒక మాట దగ్గర చిన్నగా నవ్వే నవ్వు, అవి వినపడాలి.

అందుకే నేను ఏ జత విన్నా నా పరీక్ష ఒకటే. 'స', 'శ', 'ష' ఎక్కువగా ఉన్న పాత పాట ఒకటి పెడతాను. మూడూ వేరువేరుగా వినపడాలి, ఏదీ ఈలలా చెవిని కొయ్యకూడదు. 'స' దగ్గర కన్ను చికిలించాల్సి వచ్చిందంటే ఆ జత రోజూ గంటన్నర రైలు ప్రయాణానికి పనికిరాదు. ఇప్పటి సినిమా పాటల్లో బేస్ ముందే దట్టించి పంపుతున్నారు. దాని మీద ఇయర్‌ఫోన్ ఇంకో గరిటె వేస్తే గొంతు మునిగిపోతుంది.

గ్రాఫుల గురించి కూడా చెప్పాలి, వాటిని జాతకాల్లా చూసేవాళ్లు ఎక్కువైపోయారు. గ్రాఫు అబద్ధం కాదు. మన చెవి గొట్టం రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఏమీ పెట్టుకోనప్పుడు అది మూడు వేల హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని తనంతట తనే పెంచుతుంది. రంధ్రం మూసేస్తే ఆ పెంపు చెదిరిపోతుంది కాబట్టి ట్యూనింగ్‌లో అక్కడ ఒక గుట్ట కావాలనే పెడతారు. శాన్ ఓలివ్ అనే పరిశోధకుడు, ఆయన బృందం హార్మన్ కంపెనీలో ఉండగా మనుషులకు వినిపించి, ఎక్కువమందికి ఏది నచ్చిందో చూసి ఒక గీత తయారుచేశారు. ఇవాళ చవక ఐఈఎమ్‌లు చాలావరకు ఆ గీతకి దగ్గరగానే తిరుగుతుంటాయి. కానీ అది ఎక్కువమందికి నచ్చిన గీత, మీకు నచ్చిందని ఎవరూ రాసివ్వలేదు. పైగా కొలిచేది లోహపు చెవి. ఎనిమిది వేల హెర్ట్జ్ దాటాక ఆ యంత్రం చూపించేదానికీ మీ చెవిలో జరిగేదానికీ పొంతన తక్కువ. గ్రాఫు చూసి పనికిరానివి తీసెయ్యండి, పెళ్లి మాత్రం చెవి చూసుకుని చెయ్యండి.

చెవి అంటే గుర్తొచ్చింది. ఈ వీడియోలు చేసేవాళ్లలో నేను చూసినంతవరకు అందరూ మగవాళ్లే, చేటల్లాంటి చెవులు. "ఫిట్ సూపర్" అంటారు. వాళ్ల మాట నమ్మి, చాలా పేరున్న ఒక మోడల్ కొన్నాను. ధ్వనికి వంక పెట్టలేను. కానీ చెవిలోకి దూరే దాని ముక్కు నా బొటనవేలంత లావు. తలమంచి వచ్చేసరికి చెవి సలుపు, కొడవలూరులో తీసి బ్యాగులో వేశాను. మా ఆఫీసులో ముగ్గురు ఆడవాళ్లం పెట్టి చూసుకున్నాం, ముగ్గురికీ అదే కథ. చెవి గూట్లో కూర్చునే గుండు చిన్నదా, ముక్కు సన్నదా అని రెండే ప్రశ్నలు, ఒక్కడూ చెప్పడు. కేబుల్‌కి వెండి పూత ఉందని మాత్రం మూడు నిమిషాలు చెప్తాడు.

ఇంకోటి, వంద గంటలు వాయిస్తే ధ్వని విచ్చుకుంటుందట. మర్నాటికి రుచి పెరగడానికి ఇదేమన్నా చేపల పులుసా? ఆ వంద గంటల్లో అలవాటు పడేది మన చెవి. అప్పటికి వాపసు ఇచ్చే గడువు కూడా దాటిపోతుంది.

వైర్‌లెస్ ఎందుకు కొనలేదని అడుగుతారు. కొన్నాను తల్లీ. పద్నాలుగు నెలలకి ఎడమదాని బ్యాటరీ చచ్చింది, సర్వీసు సెంటర్ వాళ్లు కొత్తది కొనుక్కోమన్నారు. ఇంకో జతలో ఒకటి బిట్రగుంటలో దిగేవాళ్ల తోపులాటలో ప్లాట్‌ఫామ్‌కీ బోగీకీ మధ్య సందులో పడింది. వైరుదైతే పడదు, ఛార్జింగ్ అడగదు, వైరు తెగినా రెండు పిన్నులు పీకి కొత్త వైరు పెట్టుకుంటే సరి. చాలావాటికి అదే 0.78 మిల్లీమీటర్ల పిన్ను. ఒక వైపు పిన్ను తిరగేసి పెట్టారనుకోండి, రెండు చెవులూ ఒకదానికొకటి ఎదురు వాయించి బేస్ మళ్లీ పలచబడినట్టు అనిపిస్తుంది. దాన్ని గుర్తు చూసి పెట్టుకోవాలి.

చాలా ఫోన్లకి ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేశారు కాబట్టి మధ్యలో డాంగిల్, అంటే టైప్‌-సి రంధ్రానికి తగిలించి ఇయర్‌ఫోన్ గుచ్చుకునే ముక్క, తప్పదు. ఇక్కడ నేను మోసపోయాను, మీరు పోకండి. ట్రంకు రోడ్డులో ఒక షాపులో నూటయాభైకి టైప్‌-సి ముక్క కొన్నాను. ఫోన్ దాన్ని గుర్తుపట్టనే లేదు. కొన్ని ముక్కల్లో ఉత్త తీగలే ఉంటాయి, ఫోనే పాటని శబ్దపు సిగ్నల్‌గా మార్చి పంపితే తప్ప అవి పనిచెయ్యవు. ఆ మార్చే పని తనే చేసే డ్యాక్ చిప్ ఉన్నది అడిగి తీసుకోవాలి. లేదా ఐఈఎమ్‌నే టైప్‌-సి వైరుతో కొనుక్కోవచ్చు. మైకు ఉన్న రకమా లేనిదా అన్నదీ ముందే చూసుకోండి. లేనిది కొని, మా ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఫోన్‌ని నోటి దగ్గర రొట్టెముక్కలా పట్టుకుని మాట్లాడిన రోజులున్నాయి నాకు.

మన ఉక్కపోతకి చెమట వల్ల జాలీ మీద తడి చేరి ఒక వైపు శబ్దం తగ్గుతుంది. చెప్పుల పెట్టెలో వచ్చే ఆ తినకూడని పొట్లం ఇయర్‌ఫోన్ డబ్బాలో వేసి ఉంచండి. గులిమి అంటితే పొడి బ్రష్షు చాలు, నీళ్లు తగలనివ్వద్దు.

వాల్యూమ్ సంగతి. పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ అయితే వారానికి నలభై గంటల వరకే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రైలు మోత మీద మోత పెడితే ఆ గీత ఎప్పుడు దాటామో తెలియదు. రబ్బరు సరిగ్గా కూర్చుంటే బయటి మోత తగ్గిపోయి సగం వాల్యూమ్‌లోనే పాట నిండుగా వినిపిస్తుంది. పట్టాలు దాటేటప్పుడు మాత్రం తీసి చేతిలో పెట్టుకోండి, దయచేసి.

ఏది కొనాలని ఇన్‌బాక్స్‌లో అడగొద్దు, ఇక్కడే చెప్తున్నా. నేను రోజూ వాడేది సెవెన్ హెర్ట్జ్ వాళ్ల జీరో టూ. మొదటి జీరో కంటే బేస్ కాస్త ఎక్కువ. గుండు చిన్నది, తేలిక. గొంతులే ఎక్కువ వినేవాళ్లు వాన్‌అర్ చూడండి. కొంచెం మిలమిల ఉండాలంటే మూన్‌డ్రాప్ చూ టూ, లోహపు గుండు, చిన్న చెవులకి పడుతుంది. మూడింటిలో ఏది తీసుకున్నా పర్లేదు. నాలుగో జత మీదకి మనసు పోయినప్పుడు ఆ డబ్బులో పదో వంతు పెట్టి నాలుగు రకాల రబ్బర్లు తెప్పించుకోండి.

ఆ రైలు కుర్రాడికి నా బ్యాగులోంచి ఎల్ సైజు జత ఒకటి తీసి ఇచ్చాను. పెట్టుకున్నాడు, వేలు మళ్లీ చెవి దగ్గరికి వెళ్లలేదు. పడుగుపాడు దాకా మాట్లాడలేదు, వంతెన మీద మాత్రం వాల్యూమ్ తగ్గించడం చూశాను. నా దగ్గర ఇంకా డబ్బా నిండా ఎల్ సైజులున్నాయి, వాడినవి కావు. కావలి, నెల్లూరుల్లో చేటచెవులవాళ్లు ఎవరికైనా కావాలంటే కామెంట్‌లో చెప్పండి, రైల్లో ఇస్తాను. ఎస్ సైజులు మాత్రం అడగొద్దు.